డీపీఎల్ క్యాంపు, గ్యాస్ లేని లాప్రోస్కోపీ: రెండు చదువులు

భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్, కాటారం వైపు ఊళ్లలో డీపీఎల్ (డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ) పేరు వినని ఇల్లు అరుదు. కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ అంటే అదే. కడుపు మీద రెండు చిన్న గాట్లు, ఒకదాంట్లోంచి లాప్రోస్కోపు, రెండోదాంట్లోంచి నాళాలకు రింగు వేసే పరికరం. సర్జన్ టెహెమ్‌టన్ ఉద్వాడియా 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో పిత్తాశయాన్ని ఈ పద్ధతిలో తీసి చూపించడానికి దశాబ్దం ముందే ఇదే పరికరం కుటుంబ నియంత్రణ క్యాంపులతో పల్లెలకు చేరింది. అంటే వసతుల్లేని ఆసుపత్రి డాక్టర్లకు కీహోల్ సర్జరీ నేర్పడం మనకు కొత్త పనేం కాదు. ఒకసారి నేర్పాం. ఇప్పుడు రెండో పద్ధతి ఒకటి ముందుకొచ్చింది గనక రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండోది గ్యాస్ లేని లాప్రోస్కోపీ. మామూలుగా అయితే కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, పొట్టను ఉబ్బించి, ఆ ఖాళీలో పనిచేస్తారు. దానికి ఎక్కువగా పూర్తి మత్తే కావాలి, మత్తు డాక్టరు కావాలి, గ్యాస్ సిలిండర్ ఆగకుండా రావాలి. జిల్లా ఆసుపత్రిలో ఈ మూడూ ఒకే రోజు కుదరడం కష్టం. గ్యాస్ బదులు కడుపు గోడను ఒక పరికరంతో పైకి ఎత్తి పట్టి, వెన్నుకు మత్తిచ్చి చేయొచ్చని డాక్టర్ జ్ఞానరాజ్ లాంటి గ్రామీణ సర్జన్లు ఏళ్ల తరబడి చేసి చూపించారు. ఢిల్లీ మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీ సర్జన్లు రెండు పద్ధతుల్నీ పోల్చి, ఇది దానికి తీసిపోదని 2020లో ప్రచురించారు. బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీతో కలిసి గ్రామీణ సర్జన్ల కోసం ‘టార్గెట్’ అనే శిక్షణ రూపొందించారు. అందులో ముందు పాఠం, తర్వాత బాక్స్ ట్రైనర్ మీద సాధన, ఆ తర్వాతే ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో మనిషి మీద.

ఆ మధ్య మెట్టులోనే అసలు తేడా ఉంది. బాక్స్ ట్రైనర్ చూడటానికి చిల్లులున్న డబ్బా. లోపల ఓ కెమెరా, బయట ఓ తెర. చెయ్యి కుడికి తిప్పితే కొస ఎడమకు పోతుంది. ఎడమ పట్టకారుతో చిన్న రబ్బరు ముక్కను తీసి, గాల్లోనే కుడి పట్టకారుకు అందించి, అవతలి మేకుకు తొడగాలి. ఇరవై ఏళ్లు పొట్ట తెరిచి ఆపరేషన్లు చేసిన సర్జన్ చెయ్యి కూడా మొదటిరోజు ఇక్కడ తడబడుతుంది. ఆ తడబాటంతా డబ్బాలోనే అయిపోతే రోగికి మేలు. డీపీఎల్‌లో నేర్చుకునే పని ఒక్కటే: నాళాన్ని పట్టు, లోపలికి లాగు, రింగు వెయ్యి. చెయ్యి తిరిగాక నిమిషాల్లో అయిపోతుంది. ఆ వేగమే దాని బలం, దాని రోగం కూడా.

క్యాంపు డాక్టరును తూచేది అంకె. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర 2014 నవంబరు 8న ఒక్క సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు. అక్కడ ఆ రోజుల్లో జరిగిన క్యాంపుల తర్వాత పదిమందికి పైగా చనిపోయారు. అదే సర్జన్ ఆ ఏడాది మొదట్లో 50,000 ఆపరేషన్లు చేశాడని ప్రభుత్వ సత్కారం అందుకున్నాడు. మూడేళ్లలో క్యాంపుల పద్ధతికి స్వస్తి చెప్పమని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అంది. మన తెలంగాణలోని ఇబ్రహీంపట్నం సంగతి 2022 ఆగస్టు 25 నాటిది. ఒకే రోజు 34 మందికి డీపీఎల్, ఆ తర్వాత నలుగురు తల్లుల మరణం, కారణం ఇన్ఫెక్షన్.

ఇక్కడో లెక్క వేసుకోవాలి. ఒకరికి వాడిన స్కోపును మరొకరికి వాడేముందు గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టి, శుద్ధి చేసిన నీటితో కడగాలి. ఒకే స్కోపుతో 34 మందికి చేయాలంటే మధ్యలో 33 సార్లు, నానడానికే 11 గంటలు. అందుకే మూడు స్కోపులుంటేనే రోజుకు 30 అని జాతీయ మార్గదర్శకాలు గీత గీశాయి. ఆ ద్రావణం ట్రే దగ్గర గడియారం చూసేది సర్జన్ కాదు, స్టాఫ్ నర్సు. “ఇంకా టైం కాలేదు సార్” అనగలిగే ధైర్యం ఆమెకు ఏ శిక్షణలో ఇచ్చాం?

గ్యాస్ లేని పద్ధతిని మెచ్చుకునేవాళ్లతో నా పేచీ కూడా ఇదే. ఎత్తిన పొట్ట లోపల గుడారంలా ఉంటుంది, అంచుల్లో చూపు ఆనదు, లావుపాటి మనిషికి మరీ కష్టం అన్న అభ్యంతరాలు ఉన్నవే. వాటికి సర్జన్లే జవాబు చెప్పుకుంటారు. కానీ చర్చ ఎక్కువగా సర్జన్ చేతి చుట్టూనే తిరుగుతోంది. బిలాస్‌పూర్, ఇబ్రహీంపట్నం చెప్పిన పాఠం చేతి నైపుణ్యం గురించి కాదు, ఆపరేషన్ గది గురించి. డీపీఎల్‌లో ఒక మంచి కూడా ఉంది, కొత్తవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. అది రోగి ఉన్నచోటికి వెళ్లింది, స్థానికంగా మత్తిచ్చి చేసింది, డాక్టరు రోజూ చేసే పనినే నేర్పింది. ఏడాదికి నాలుగు కేసులు రాని ఆపరేషన్ నేర్పితే చెయ్యి మళ్లీ మొద్దుబారుతుంది.

భూపాలపల్లికి 2023 సెప్టెంబరు 15న మెడికల్ కాలేజీ వచ్చింది, జనగామకూ అదే రోజు. మహబూబాబాద్‌కు అంతకు ముందు ఏడాదే వచ్చింది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధనా ఉంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో స్కోపు పట్టిన పీజీ ఇటొచ్చినప్పుడు ఇక్కడి సర్జన్, స్టాఫ్ నర్సు, ఓటీ అసిస్టెంట్ ముగ్గురూ కలిసి నేర్చుకునేలా చేస్తే రెండు పద్ధతుల్లోని మంచీ కలుస్తుంది. బాక్స్ ట్రైనర్ పెద్ద ఖర్చు కాదు, అట్టపెట్టెతో, ఫోన్ కెమెరాతో చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కడుపు గోడను ఎత్తే పరికరం కూడా కొనొచ్చు. కానీ కొనాల్సిన జాబితా నన్ను రాయమంటే, రెండో స్కోపు, మూడో స్కోపు దానికంటే పైన ఉంటాయి.