ఒక గట్టు పొట్టి, ఒక గట్టు ఎత్తు

కరెంటు పోయిన రాత్రుల్లో మా మేనమామ డాబా మీద ఒక కథ చెప్పేవాడు. ఆకాశంలో ఒక పెద్ద గొట్టం గిర్రున తిరుగుతూ పోతుంటుంది. మనుషులు దాని లోపలికి దిగుతారు. అక్కడ సముద్రం, చేతికి గాజు వేసినట్టు, గొట్టం లోపలి గోడ చుట్టూ తిరిగి ఉంటుంది. తలెత్తితే నెత్తిమీదా నీళ్లే. ఒక కుర్రాడు సైకిల్లా తొక్కే రెక్కల బండి మీద దాన్ని దాటతాడు. ఆ సముద్రానికి ఇవతలి గట్టు పొట్టి, అవతలి గట్టు చాలా ఎత్తు. "ఎందుకు మామయ్యా?" అంటే, "ఆలోచించు" అని దుప్పటి ముసుగుపెట్టేవాడు.

పుస్తకం పేరు ఎప్పుడూ చెప్పలేదు. "రాముడి గొట్టం" అనేవాడంతే. చెంబు కింద పెట్టినా "రామా" అనే మనిషి కాబట్టి ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు.

చాలా ఏళ్ల తర్వాత, మామయ్య పోయాక, వెతకడం మొదలుపెట్టాను. పాత సినిమాల్లో తప్పిపోయిన తమ్ముణ్ని పుట్టుమచ్చతో పోల్చుకున్నట్టు, నాకు ఆ గట్లే ఆనవాలు. లారీ నివెన్ 1970లో రాసిన 'రింగ్‌వరల్డ్' దొరికింది. అందులో ఏకంగా నక్షత్రం చుట్టూ కట్టిన చక్రం. గ్రెగ్ బేర్ 'ఇయాన్'లో లోపల తొలిచిన గ్రహశకలం ఉంది. రెండూ ఘనమైనవే, గట్లు మాత్రం కలవలేదు. చివరికి ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద, అట్ట చిరిగిన పుస్తకం తిరగేస్తుంటే గట్టు కనబడింది. ఆర్థర్ సి. క్లార్క్ 1973 నవల, 'రాండెవూ విత్ రామా'. గ్రీకు, రోమన్ దేవుళ్ల పేర్లు అయిపోయి ఖగోళ శాస్త్రజ్ఞులు మన దేవుళ్ల దగ్గరికి వచ్చారట. అలా 2131లో కనబడిన ఆ వస్తువుకి రాముడి పేరు పడింది. ఆ పేరు పెట్టిన రచయిత కాపురం శ్రీలంకలో! మామయ్య మొదటి రోజే పేరు చెప్పేశాడన్నమాట.

గొట్టం పొడవు 50 కిలోమీటర్లు, అడ్డం 20. 4 నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. ఆ తిరుగుడే లోపల బరువు పుట్టిస్తుంది. ద్వారం సరిగ్గా ఇరుసు దగ్గర, బరువే లేని చోట ఉంది కాబట్టి దిగడం మొదట నిచ్చెనతో. కిందికి పోయేకొద్దీ ఒళ్లు బరువెక్కుతుంది, నిచ్చెన మెట్లవుతుంది. క్లార్క్ సూత్రం చెప్పి ఊరుకోడు, దాన్ని మన కాళ్లకి తెలిసేలా చేస్తాడు.

అసలు పనితనం గట్టులో ఉంది. ఉత్తరపు గట్టు నీటికి 50 మీటర్ల పైన, దక్షిణపు గట్టు 500 మీటర్లు. ఎడ్లబండి కదిలితే బిందెలో నీళ్లు వెనక్కి తొణుకుతాయి కదా? ఈ ఓడ ఉత్తరానికి వేగం అందుకున్నప్పుడు సముద్రమంతా దక్షిణానికి ఎగదన్నుతుంది. కట్టినవాళ్లు దానికి ముందే చోటు వదిలారు. ఇంజను ఎవరికీ కనబడకముందే ఏ దిక్కుకి నడుస్తుందో గోడ చెప్పేసింది. కట్టినవాళ్లు నవల మొత్తంలో ఒక్కసారీ ఎదురుపడరు. వాళ్ల మనసు తెలుసుకోవడానికి మనకి మిగిలినవి ఇలాంటి కొలతలే.

అంతటితో ఆ గోడ పని అయిపోలేదు. జిమ్మీ పాక్ అనే కుర్రాడి రెక్కల బండి దక్షిణపు ఒడ్డున కూలిపోతుంది. పడవ వచ్చినా 500 మీటర్లు దిగే దారేది? చొక్కానే గొడుగులా పట్టుకుని దూకమంటారు. అక్కడ బరువు తక్కువ, గాలి ఉంది, కింద నీళ్లున్నాయి. లెక్క సరిపోతుంది, దూకుతాడు. మొదట పొడుపుకథ, తర్వాత అడ్డుగోడ, ఆ తర్వాత దూకుడుబల్ల. ఒకే గోడని ఇన్ని రకాలుగా వాడుకుని ఎక్కడా అతుకు కనబడనివ్వని రచయితలు అరుదు.

మనుషుల దగ్గర మాత్రం క్లార్క్ చెయ్యి అంత తిరగదు. కెప్టెన్ నార్టన్‌కి రెండు గ్రహాల మీద రెండు సంసారాలున్నా, పుస్తకం మూశాక ఆయన ముఖం గుర్తుండదు. మామయ్య కథలో ఎవరికీ పేర్లు లేకపోవడం నాకిప్పుడు వింతగా లేదు.

ఒక్కటి మాత్రం కొత్తగా తగిలింది. దూకడానికి ముందు జిమ్మీకి ఒక జాలీ వెనకాల ఒంటరి పువ్వు కనబడుతుంది. బట్టలు విప్పి, ఇరుకులోంచి దూరి, దాన్ని తుంచుతాడు. తుంచాక మనసు చివుక్కుమంటుంది. ఈ పువ్వు సంగతి మామయ్య ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాడేమో, అప్పటికి నేను నిద్రపోయి ఉంటాను.