ఇవో బానట్స్: చరిత్రకారుడును ప్రజాజీవితమును

చరిత్రకారుడు రాజకీయములలో ప్రవేశింపవచ్చునా, ప్రవేశించినచో ఆతని గ్రంథములపై విశ్వాసము తఱుగునా యను ప్రశ్న చిరకాలముగా నున్నది. క్రొయేషియా దేశీయుడగు ఇవో బానట్స్ జీవితము ఈ ప్రశ్నను పరీక్షించుటకు తగినదని మేము తలంచుచున్నాము.

ఆయన 1947లో డుబ్రోవ్నిక్ నగరమున జన్మించెను. 1959లో అమెరికా చేరి, 1975లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, యేల్ విశ్వవిద్యాలయమున చిరకాలము ఆచార్యుడుగా నుండెను. 2020లో కీర్తిశేషుడయ్యెను. ఆయన యశస్సునకు మూలము 1984లో ప్రకటితమైన ‘యుగోస్లావియాలో జాతి సమస్య’ యను గ్రంథము.

1918 డిసెంబరు 1వ తేదీన సెర్బులు, క్రొయేషియనులు, స్లొవీనులు ఒకే రాజ్యముగా కూడిరి. 1921 జూను 28వ తేదీన అధికారమును బెల్‌గ్రేడునందు కేంద్రీకరించు రాజ్యాంగము ఆమోదింపబడెను. స్త్యెపాన్ రాడిచ్ నాయకుడుగా గల క్రొయేషియా రైతు పక్షము ఆ రాజ్యాంగసభను బహిష్కరించెను. ఈ కలహమునకు మతభేదమో, ఆర్థిక వైషమ్యమో కారణమని పలువురు చెప్పుదురు. రాజ్యము పుట్టుటకు ముందే ఒక్కొక్క జాతియందు తన్ను గూర్చియు, పొరుగువారిని గూర్చియు రూఢిపడిన భావములే ముఖ్య కారణమని బానట్స్ నిరూపింప యత్నించెను. 19వ శతాబ్దమున వూక్ కరాజిచ్ అను భాషాపండితుడు ష్టొకావియను మాండలికము పలుకువారందఱును సెర్బులే యని వాదించుట ఇందుల కొక నిదర్శనము. అట్టి వాదమునందు పొరుగువాని పేరే చెఱిగిపోవును. పలుకు భాష యొకటి, తన్ను తా నెవరినిగా నెంచుకొనుచున్నాడను భావము మఱియొకటి. పరభాషా ప్రాంతములందు తరతరములుగా కాపురముండి, ఊరి భాషను మాటాడుచు ఇంట తెలుగును నిలుపుకొన్న మన కుటుంబములకు ఇది వివరింప నక్కఱలేదు.

గ్రంథమున లోపములు లేకపోలేదు. సెర్బు జాతీయవాదమును కఠినముగా తూచెనని కొందఱు విమర్శించిరి. అయినను యోసిప్ ఫ్రాంకు వంటి క్రొయేషియా జాతీయవాదులను సైతము ఆయన విమర్శింపక విడువలేదు. మాకు తోచిన లోపము వేఱు. రాజకీయ పక్షములకును, పండితుల భావములకును పెద్దపీట వేసి, రైతుల అలజడులను వర్ణించియు, కలిసి బ్రతికిన ఇరుగుపొరుగుల నిత్యజీవనమునకు తగినంత చోటీయలేదు.

యుగోస్లావియా విచ్ఛిన్నమైన పిమ్మట, బోస్నియా విషయమున క్రొయేషియా అధ్యక్షుడు ఫ్రాన్యో టుజ్‌మన్ అవలంబించిన విధానమును బానట్స్ ఖండించెను. 2003లో కొలదికాలము పర్యావరణ మంత్రిగాను, అనంతరము శాసనసభ్యుడుగాను, 2007 నుండి 2009 వఱకు క్రొయేషియా హెల్సింకి మానవహక్కుల సంఘాధ్యక్షుడుగాను పనిచేసెను. టుజ్‌మనును చరిత్రకారుడే. చరిత్రను అధికారమునకు ఊతగా చేసికొనుట యొక మార్గము. చరిత్ర నేర్పినదానిని స్వజాతి పాలకుల యెదుటనే పలుకుట మఱియొక మార్గము. బానట్స్ రెండవ మార్గమున నడచుటచే ఆయన గ్రంథమునకు గౌరవము హెచ్చినదే కాని తఱుగలేదని మా యభిప్రాయము. ఆంగ్లము నేర్చిన మన యువకులు ఈ గ్రంథమును శ్రమకోర్చి చదువుదురు గాక.