పొట్టి నీడ

మిరపకోతకు బయల్దేరేముందు మా అమ్మ చీర మీద నాన్న పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కునేది. తలకు తువ్వాలు చుట్టి, కొసలు బుగ్గల మీదుగా లాగి వెనక్కి దోపుకునేది. కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. గుంటూరు పల్లెల్లో కూలికి పోయే ఆడవాళ్లు ఇప్పటికీ అలాగే వెళ్తారు.

నలభై దాటి నా చెంపలకు మంగు పట్టాక ఆ చొక్కా గుర్తొచ్చింది. ఎండను ఆపకపోతే ఏ పూతా పనిచెయ్యదమ్మా అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. మంగుకు అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా పడదు. అందుకని ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ రాస్తున్నాను. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవున క్రీమ్ కావాలి. శనగగింజంత అద్దితే ట్యూబు మీదున్న ఎస్పీఎఫ్ 30 ఒంటి మీదికి రాదు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇంటిల్లిపాదికీ ఆ లెక్కన కొనడం మాటలా? నా నమ్మకం ముందు గుడ్డ మీద, తర్వాతే క్రీమ్ మీద.

పిల్లల చొక్కాలు ఒక్కొక్కటే తీసి కిటికీకి ఎదురుగా పట్టి చూస్తాను. ఉతికి ఉతికి పల్చబడ్డ భుజాల దగ్గర వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతుంటే దాన్ని ఇంట్లో వేసుకోవడానికి పెట్టేస్తాను. ముదురు రంగు, దట్టమైన నేత బయటికి. నూలు తడిస్తే ఎండ ఇంకా లోపలికి దిగుతుంది కాబట్టి ఆటకెళ్లేవాడి సంచిలో మరో చొక్కా.

నల్లబడుతుందని ఆడపిల్లకు గొడుగిచ్చి మగపిల్లాణ్ణి వదిలేయడం నాకు నచ్చదు. నలుపు జబ్బు కాదు. ఒంట్లో మెలనిన్ ఎక్కువ ఉండటం మనకు కొంత కాపలా కూడా. అయినా కమిలే చర్మం కములుతుంది. క్రికెట్ ఆడొచ్చిన మావాడు మెడ వెనక చెయ్యి వెయ్యనివ్వక రాత్రంతా బోర్లా పడుకున్నాడు.

అందుకే వాడికి నీడ చూడటం నేర్పాను. నీడ నీకంటే పొట్టిగా ఉందంటే ఎండ గట్టిది, చెట్టు కిందికి రా. మే మొదటి వారంలో మా గుంటూరులో సూర్యుడు నడినెత్తిన నిలబడతాడు. నీడ కాళ్ల కింద దూరిపోతుంది. ఆగస్టు మొదట్లో మళ్లీ అంతే. అప్పుడు మబ్బులుంటాయని ఏమరుతాం గానీ, పల్చటి మబ్బును అతినీలలోహిత కిరణాలు దాటేస్తాయి.

మొన్న వాడు వాకిట్లో నిలబడి నీడను అడుగులతో కొలుస్తున్నాడు. అరుగు మీంచి అమ్మ పిలిచింది.

"ఒరేయ్, మేం కోతల్లో అన్నాల వేళ తెలుసుకుంది దాన్ని చూసేరా. ఇట్రా, తువ్వాలు ఎట్టా చుట్టాలో చూపిస్తాను."