డోర్నకల్ ఆరాధన: శిల్పము, కీర్తన

పల్లెసీమల ఆంగ్లికన్ దేవాలయములను విదేశీయ అవశేషములుగా తలచుట పరిపాటి. డోర్నకల్ ఆ తీర్పును పునర్విమర్శింపుమనుచున్నది.

1912లో ప్రథమ భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వి. యస్. అజరయ్య తిరునెల్వేలి సీమకు చెందిన తమిళుడు; తెలుగు నేర్చి, దళితవాడల నడుమ సంఘమును పెంచెను. 1939లో ప్రతిష్ఠితమైన ఎపిఫనీ కతీడ్రల్‌లో మన ఆలయ స్తంభములును మసీదు గుమ్మటములును కలిసి నిలిచినవి. చూపరులు ఈ శిల్పమునే కొనియాడుదురు. కాని ఆరాధనకు ప్రాణము రాతిలో లేదు, పాటలో కలదు.

ఇందుకు ఐర్లండు చరిత్రయే నిదర్శనము. అచట 1608లోనే ఐరిష్ భాషలో ప్రార్థనా గ్రంథము వెలువడినది. అయినను ఆంగ్లికన్ సంఘము అధికముగా ఆంగ్లభాషా సంఘముగానే మిగిలినది. గ్రంథము భాష మారినంతమాత్రమున ఆరాధన దేశీయము కాదు. జనుల గొంతు దానిని స్వీకరింపవలెను.

తెలుగునాట ఆ పని కీర్తన చేసినది. బాప్తిస్టు కవి పురుషోత్తమ చౌధురి (1803–1890) మన రాగతాళములలో రచించిన కీర్తనలు సంఘభేదములను దాటి వ్యాపించినవి. అక్షరము రానివారికిని అవి కంఠస్థములు. వచన ప్రార్థన అర్థమును అందించినది. కీర్తన దానిని స్వంతము చేసినది.

1947లో డోర్నకల్ డయాసిస్ దక్షిణ భారత సంఘమున చేరినది. ఆంగ్లికన్ నామము పోయినను పాట నిలిచినది. దానిని మతసామగ్రిగా పక్కకు నెట్టక, తెలుగు పదసాహిత్యముగా పరిశీలించుట మన విమర్శకు మిగిలిన ఋణము.