పారుతున్న దూడను ఎవరు చూస్తున్నారు?

గేదె దూడకు పది రోజులు నిండగానే నట్టల మందు తాగించడం పాడి రైతుకు ఉండాల్సిన మంచి అలవాటు. ఏలికపాములు తల్లి పాలతోనే దూడ కడుపులోకి చేరతాయి కాబట్టి ఆలస్యం పనికిరాదు. మందు పడ్డాక పేడలో జానెడు పొడవున తెల్లటి పాములు పడతాయి. ఇంటిల్లిపాదీ జడుసుకుని పిల్లల్ని దూరంగా లాగేస్తారు. ఆ పాము మనిషికి సోకడం చాలా అరుదు.

ఏ పామూ కనిపించని పేడను చూసినప్పుడే నాకు భయం. రెండో వారంలో ఉన్న దూడ పసుపుపచ్చగా, నీళ్లలా పారుతుంటే ఆ పేడను గాజుపలక మీద పల్చగా పూసి, రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడతాను. ఆకుపచ్చని నేపథ్యంలో గులాబీ చుక్కలు తేలాయంటే క్రిప్టోస్పోరిడియం అనుకోవాలి. ఒక్కో చుక్క మిల్లీమీటరులో రెండు వందలో వంతు. ఇది పురుగు కాదు, ఏకకణ జీవి. నట్టల మందుకు లొంగదు, మంచినీళ్లలో కలిపే క్లోరిన్‌కూ చావదు. జబ్బు దూడ పేడ ఒక్క గ్రాములో ఇవి లక్షల్లో ఉంటాయి. మనిషికి సోకడానికి కొన్ని పదులు చాలు.

అమెరికాలో టైజర్ అనే శాస్త్రవేత్త 1907లో దీన్ని ఎలుకల్లో గుర్తించారు. మనుషుల్లో బయటపడింది 1976లో. ఆ తొలి రోగుల్లో ఒకరు పశువులున్న ఇంట్లో పెరుగుతున్న మూడేళ్ల పాప. ఈ సంగతి నా మనసులోంచి పోదు. మన ఇళ్లలోనూ దూడ మెడ కావలించుకునేది, దాని నోట్లో వేలు పెట్టి చీకించేది పసివాళ్లే కదా! ఆరోగ్యవంతులకు వారం, రెండు వారాల నీళ్ల విరేచనాలతో తగ్గిపోతుంది. పసిబిడ్డలకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. మనిషి నుంచి మనిషికీ అంటుతుంది కనుక ప్రతి విరేచనానికీ దూడను నిందించను.

అందుకే మందు చీటీ రాసేముందు ‘దీన్ని ఎవరు చూస్తున్నారమ్మా?’ అని అడుగుతాను. పిల్లలైతే వెంటనే మాన్పించమంటాను. పెద్దవాళ్లలో ఒక్కరే చూడాలి, అదీ పాలు పితకడం, మిగతా దూడల పని అయ్యాకే. తర్వాత చేతులు సబ్బుతో రుద్ది కడగాలి, శానిటైజర్ క్రిప్టోస్పోరిడియం మీద పనిచేయదు. దూడకు పాలు ఆపకుండా మధ్యమధ్య ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు పట్టాలి. కట్టే చోటు పొడిగా, ఎండ తగిలేలా ఉండాలి. తడి ఆరితే ఆ చుక్కలు బతకలేవు.