కాసుకు అతికిన చెవి

మన దగ్గర బంగారాన్ని ఇప్పటికీ కాసుల్లోనే లెక్కపెడతారు. గుడివాడలో పెళ్ళి మాటలు నడుస్తుంటే "ఎన్ని కాసులు?" అన్నాకే మిగతా సంగతులు. కాసంటే ఎనిమిది గ్రాములు. ఇంగ్లండు బంగారు నాణెం సవరను బరువు కూడా దాదాపు అంతే: 7.988 గ్రాములు, 22 క్యారెట్లు. నాణెం బజారులోంచి వెళ్ళిపోయినా దాని బరువు మాత్రం మన నోట్లో ఉండిపోయింది. అలాగే బ్రిటిష్ వారి వెండి రూపాయి 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. రూపాయి ఎత్తు అనే మాట అందుకే పుట్టింది.

బందరులోనూ, అవనిగడ్డ చుట్టుపక్కల పాత ఇళ్ళలోనూ ఈ నాణేలు పెట్టెలో ఊరికే పడి ఉండలేదు. కంసాలి చేతికి వెళ్ళి చెవి అతికించుకుని పేరుల్లోకి ఎక్కాయి. ఇంట్లో అవసరం వచ్చినప్పుడు ఆ చెవి ఊడదీయించుకుని మళ్ళీ నాణేలయ్యాయి. ఆ రాకపోకల గుర్తులు చదవడమే అసలు విద్య.

నా ముందు ఒక రాణి బొమ్మ రూపాయి ఉంది. రాణి తలకు సరిగ్గా పైన అంచు మీద బియ్యపుగింజలో సగమంత గడ్డ. చుట్టూ గరుకు గీతలు చక్కగా ఉండి, అక్కడ మాత్రం నున్నగా ఉంది. అది టంకం మచ్చ. తూస్తే 11.4 వచ్చింది. పావు గ్రాము అరుగుదలకు పోయిందనుకోవచ్చు. వెనక్కి తిప్పితే 1862, దాని కింద రెండు చుక్కలు. ఎవరో మేకుతో పొడిచారనుకునేవాళ్ళే ఎక్కువ. కానీ భూతద్దంలో ఆ చుక్కలు పైకి ఉబ్బి ఉన్నాయి. టంకశాలలో అచ్చుతో పడ్డ గుర్తు పైకి తేలుతుంది, తర్వాత చేత్తో పొడిచింది లోపలికి దిగుతుంది. ఇదొక్కటి గుర్తుంటే సగం అనుమానాలు తీరతాయి. 1874 దాకా రూపాయిల మీద 1862 అనే వేసి, ఏ ఏడు కొట్టారో తెలియడానికి బొంబాయి టంకశాల ఇలా చుక్కలు పెట్టింది.

బంగారం దగ్గర కథ వేరు. బందరు పక్కనే గిల్టు నగల చిలకలపూడి ఉంది కదా! అక్కడివాళ్ళు గిల్టు నగను గిల్టనే చెప్పి అమ్ముతారు, తప్పు వాళ్ళది కాదు. రెండు తరాలు గడిచాక ఏది గిల్టో ఇంట్లోవాళ్ళే మరిచిపోతారు. ముందు బాగా అరిగే చోట్లు చూడాలి: కాసు మీది బొమ్మ చెంప, జుట్టు, కాసు అంచు. పూత పోయిన చోట ఎర్రగా రాగి తొంగిచూస్తుంది. గీటురాయి మీద పైపైన గీస్తే పూత వన్నే తెలుస్తుంది తప్ప లోపలి సరుకు తెలియదు.

నా మట్టుకు నేను నీళ్ళనే నమ్ముతాను. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేసి, దారానికి కట్టిన నాణేన్ని అడుగుకు తగలకుండా ముంచండి. అసలు సవరనైతే సుమారు 0.45 గ్రాములు చూపిస్తుంది. ఇత్తడితో అదే బరువు తేవాలంటే నాణెం రెట్టింపు మందం కావాలి, నీళ్ళలో 0.9 దాకా పోతుంది. అతికిన చెవి ఉంటే లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే.

బంగారు పూతతో మోసం ఇంగ్లండులోనూ జరిగింది. 1887లో వచ్చిన వెండి ఆరు పెన్నీల నాణెం వెనుక వైపు అర సవరనును పోలి ఉండేది. కొందరు దానికి బంగారు పూత పూసి అర సవరనుగా చెలామణి చేశారు. ప్రభుత్వం బొమ్మ మార్చాల్సి వచ్చింది. తూస్తే ఒకటి 2.83 గ్రాములు, మరొకటి 3.99. తూసినవాడు మోసపోడు.

టంకం మచ్చ ఉంటే నాణేల వ్యాపారి ధర తగ్గిస్తాడు. సేకర్తల లెక్కలో అది న్యాయమే. అలాగని మచ్చను గీకించకండి, చింతపండుతో తోమకండి. గీకితే బరువు పోతుంది, తోమితే గీతలు పడతాయి, ధర ఇంకా దిగుతుంది. కాసులపేరు కరిగించడానికి ఇచ్చేముందు ఒక్కొక్క కాసు తిప్పి చూడండి. 1918 అనే అంకెకు పైన, సవరను మీది గుర్రం కింది నేలగీత మీద ఇంగ్లీషు ఐ అక్షరం కనిపిస్తే అది లండనుది కాదు, బొంబాయిది. అలాంటివి సుమారు 13 లక్షలు కొట్టారు కాబట్టి మరీ అరుదేమీ కాదు. కానీ బ్రిటిష్ పాలనలో సవరన్లు మన దేశంలో తయారైంది ఆ ఒక్క ఏడే.