పాట పంపే పనితనం

ముంబైలో వర్లి బీడీడీ చాళ్ల దగ్గర నిలబడి తలెత్తితే దూరదర్శన్ టవరు కనిపిస్తుంది. పాండురంగ్ బుధ్కర్ మార్గ్ మీద 300 మీటర్ల ఎత్తున నిలిచిన ఇనుప కట్టడం అది. ఒక దేశం తన పాటను అంతర్జాతీయ పోటీకి ఎలా ఎంచుకుంటుందో తెలుసుకోవాలంటే ఇలాంటి టవర్ల కింద ఉండే ఆఫీసుల నుంచే మొదలుపెట్టాలి. యూరోవిజన్ పాటల పోటీలో తలపడేవి ప్రభుత్వాలు కావు, గాయకుల సంఘాలూ కావు. ప్రసార సంస్థలు. స్వీడన్ తరఫున ఎస్వీటీ, బ్రిటన్ తరఫున బీబీసీ, ఇటలీ తరఫున రాయ్. సంస్థకు సభ్యత్వం ఉంటేనే దేశానికి పాట ఉంటుంది.

ఆ పోటీ 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానో పట్టణంలో మొదలైంది. ఏడు దేశాలు, దేశానికి రెండేసి పాటలు. ఇటలీలో 1951 నుంచి జరుగుతున్న సాన్‌రెమో పాటల పండుగను చూసి ఈ పోటీకి రూపం ఇచ్చారు. మొదటి ఏడాది జ్యూరీలు రహస్యంగా ఓటేశాయి, మార్కులు ఈనాటికీ బయటపెట్టలేదు. లక్సెంబర్గ్ జ్యూరీ రాలేకపోతే వాళ్ల ఓట్లు కూడా స్విట్జర్లాండ్ వాళ్లే వేశారు. గెలిచింది స్విట్జర్లాండే! అంత నాటుగా మొదలైన యంత్రం ఇవాళ ఎంత నున్నగా తయారైందో చూస్తే ముచ్చటేస్తుంది.

పోటీ పెట్టే నియమాలు కొన్నే. పాట మూడు నిమిషాలు దాటకూడదు. వేదిక మీద ఆరుగురికి మించకూడదు. ప్రధాన గొంతు అక్కడికక్కడ పాడాల్సిందే. పోటీకి ముందటి ఏడాది సెప్టెంబరు 1 కన్నా ముందు ఆ పాట బయటికి వచ్చి ఉండకూడదు. ఎవరి పాటకు వారు ఓటేసుకోకూడదు. ఇవి తప్ప, పాటను ఎలా ఎంచుకోవాలో ఏ దేశానికి ఆ దేశం తేల్చుకోవాలి. కొన్ని సంస్థలు నలుగురు ఒక గదిలో కూర్చుని తేల్చేస్తాయి. ఇటలీ తన సాన్‌రెమో విజేతనే పంపుతుంది, ఇష్టం లేకపోతే విజేత కాదనవచ్చు. అక్కడి పాటలకు మూడు నిమిషాల గీత లేదు కాబట్టి, యూరోవిజన్‌కు వెళ్లే ముందు కత్తెర పడుతుంది. మిగతా దేశాల పద్ధతులు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి.

ఈ విద్యలో స్వీడన్‌ది అందె వేసిన చెయ్యి. అక్కడి ఎంపిక పోటీ పేరు మెలొడిఫెస్టివాలెన్. ఏటా వేల పాటలు వస్తాయి. వాటిలో కొన్నిటిని ఎంపిక బృందం విని ఏరుతుంది. కొందరు రచయితలను సంస్థే పిలిచి పాట అడుగుతుంది. అలా దాదాపు 30 పాటలు మిగులుతాయి. ఆ తర్వాత ఆరు శనివారాల తిరుగుడు. 2002 నుంచి ఈ పోటీ ఒక్క స్టూడియోలో జరగడం మానేసి ఊరూరా తిరుగుతోంది. స్టాక్‌హోమ్ పక్కన జరిగే ఫైనల్‌కు 12 పాటలు చేరతాయి. ఇంతవరకు ఏ టీవీ పోటీ అయినా ఇలాగే ఉంటుంది. అసలు పనితనం ఓట్ల లెక్కలో ఉంది.

ఫైనల్‌లో మొత్తం పాయింట్లు రెండు సమాన భాగాలు. ఒక భాగం బయటి దేశాల్లో కూర్చున్న ఎనిమిది జ్యూరీలది. పాట వెళ్లేది బయటికి కాబట్టి బయటివాళ్ల చెవిని ముందే అడగడం అన్నమాట. రెండో భాగం ప్రేక్షకులది. దాన్ని ఒకే కుప్పగా లెక్కపెట్టరు. 2019 నుంచి ఫోన్ యాప్‌లో ఓటేసేవాళ్లను వయసును బట్టి ఏడు గుంపులు చేశారు: 3 నుంచి 9 ఏళ్లు, 10–15, 16–29, 30–44, 45–59, 60–74, 75 పైన. ఎనిమిదో గుంపు మామూలు టెలిఫోన్‌లో ఓటేసేవాళ్లది. ప్రతి గుంపూ ఒక జ్యూరీలాగే తనకు నచ్చిన పది పాటలకు వరుసగా 12, 10, 8, 7, 6, 5, 4, 3, 2, 1 పాయింట్లు ఇస్తుంది. కూడితే 58. ఎనిమిది గుంపులకు 464. అటు జ్యూరీలకూ 464.

ఈ ఏర్పాటు ఎందుకో కాస్త నిదానంగా చూడాలి. ఓట్లన్నీ ఒకే కుప్పలో పోస్తే ఎవరి వేళ్లు ఎక్కువ చురుకో వాళ్లదే రాజ్యం. ఇరవై ఏళ్ల పిల్లలు లక్షల్లో ఓటేసి తమ అభిమాన గాయకుణ్ని నెగ్గించేస్తారు, తాతయ్య ఓటు నీళ్లలో పోసినట్టవుతుంది. గుంపులు చేసేసరికి ఆ లక్షల ఓట్లకూ దక్కేది 12 పాయింట్లే. మూడేళ్ల పాపల గుంపుకూ 58, డెబ్బై అయిదు దాటిన అవ్వల గుంపుకూ 58. ఒక గుంపు వెర్రిగా ప్రేమించి మిగతా ఏడూ పట్టించుకోని పాటకు ప్రేక్షకుల వైపు నుంచి 12 వస్తాయి. ఎనిమిది గుంపుల్లోనూ మూడో స్థానంలో నిలిచిన పాటకు 64 వస్తాయి. పాట ఎంత గట్టిగా నచ్చిందో కాదు, ఎంత దూరం పాకిందో కొలిచే కొలత ఇది.

యాప్‌లో ఓటు గుండె గుర్తు రూపంలో ఉంటుంది. ఒక్కొక్కరు ప్రతి పాటకూ అయిదు గుండెల వరకు ఇవ్వవచ్చు, డబ్బు పడదు. ఒక పాటకు ఇచ్చినంత మాత్రాన మరో పాటకు ఇవ్వకూడదని లేదు. నచ్చిన నాలుగు పాటల్లో ఒక్కదాన్నే పట్టుకుని మిగతా వాటిని వదిలేయాల్సిన బాధ అక్కడ ఉండదు. మా వర్లి, లోయర్ పరేల్ మిల్లుల్లో గుడ్డ తాను బయటికి పోయే ముందు ఒకరు కాక నలుగురు చూసేవారు, ఒక్కో చేతికి ఒక్కో తప్పు తగిలేది. స్వీడన్ వాళ్లు పాటను ముట్టుకునే తీరు అలాగే ఉంది.

ఇదంతా ఒక్కరోజులో పుట్టలేదు. 1973లో అబ్బా బృందం ఇదే పోటీకి వస్తే నిపుణుల జ్యూరీ మూడో స్థానంలో ఆపేసింది. దాని మీద గొడవ రేగింది, మరుసటి ఏడు జ్యూరీ పద్ధతి మార్చారు. 1974లో ఆ బృందమే ‘వాటర్లూ’తో నెగ్గి, ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో యూరోవిజన్ గెలిచింది. అప్పట్నుంచీ అక్కడ ఎన్నో మార్పులు జరిగాయి. ఇప్పటి గుంపుల లెక్కకూ ఒక లోపం లేకపోలేదు. అందరికీ కాస్త కాస్త నచ్చే పాట, ఎవరికీ పిచ్చి పట్టించని పాట, పై మెట్టుకు చేరిపోయే ప్రమాదం ఉంది. వాళ్లకు ఆ సంగతి తెలియకపోదు.

మరి మన సంగతి? దూరదర్శన్‌కు ఆసియా పసిఫిక్ ప్రసార సంస్థల సంఘం ఏబీయూలో సభ్యత్వం ఉంది. 1964లో పుట్టిన ఆ సంఘం 2012లో సియోల్‌లో టీవీ పాటల పండుగ మొదలుపెట్టింది. అందులో గెలుపోటములు లేవు, వచ్చినవాళ్లు పాడి వెళతారు. కాబట్టి పాటను ఏరి పంపే యంత్రాంగం మన దేశంలో తయారు కావలసిన అవసరమే పడలేదు. ఉన్నది సినిమాను ఏరి పంపేది. తమాషా ఏమంటే, ఆస్కార్ వాళ్లు పరభాషా చిత్రానికి పోటీ బహుమతి మొదలుపెట్టింది కూడా 1956 సంవత్సరానికే. దేశానికి ఒక్క చిత్రం, అంతే.

మన చిత్రాన్ని ఎంచేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. నిర్మాతలు దరఖాస్తు పెడతారు, జ్యూరీ కూర్చుని చిత్రాలన్నీ చూస్తుంది, చివరికి ఒక పేరు చదువుతుంది. 2024లో 29 చిత్రాల నుంచి 13 మంది జ్యూరీ ‘లాపతా లేడీస్’ను ఎంచింది. ఆ ఏడే కాన్స్‌లో గ్రాండ్ ప్రి తెచ్చుకున్న, ముంబై నర్సుల కథ ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ ఆగిపోయింది. దాని మీద జరిగిన వాదన ఇక్కడ అనవసరం. యంత్రాన్ని మాత్రం గమనించండి. ఒకే గది, ఒకే విడత, ఒకే పేరు. ఏ చిత్రం రెండో స్థానంలో ఉందో, ఎంత తేడాతో ఆగిందో మనకు చెప్పేవాళ్లు లేరు. ఇలాంటి గదిలోంచే ‘మదర్ ఇండియా’, ‘సలాం బాంబే’, ‘లగాన్’ వెళ్లి చివరి అయిదింటి దాకా నిలిచాయి. వాటిలో ‘సలాం బాంబే’ మా కామాటిపురా, ఫాక్లండ్ రోడ్డు పిల్లల బతుకే. తెలుగు నుంచి అలా వెళ్లింది ఒక్కటే, కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’, 1986లో.

2023 మార్చి 13 పొద్దున చాళ్లలో ఎవరిని కదిపినా, దేశం మన ‘నాటు నాటు’ పాటను ఆస్కార్‌కు పంపింది, గెలిచింది అన్నారు. గెలిచిన మాట నిజం. పంపినది దేశం కాదు. 2022 సెప్టెంబరు 20న ఫెడరేషన్ ప్రకటించిన పేరు గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’. టి.ఎస్. నాగాభరణ అధ్యక్షతన 17 మంది జ్యూరీ ఎంచిన ఆ చిత్రం 92 దేశాల, ప్రాంతాల చిత్రాల్లోంచి మొదటి 15 దాకా వెళ్లి ఆగింది. ‘నాటు నాటు’ వెళ్లిన దారి వేరు. ఆ దారిలో దేశం అన్న గడి లేనే లేదు.

అది ఇలా సాగుతుంది. చిత్రం అమెరికాలో నిర్ణయించిన నగర ప్రాంతాల్లో ఒకచోట థియేటర్లో వరుసగా ఏడు రోజులు ఆడాలి. ఆ పాట ఉన్న ‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చి 25న ఇక్కడితో పాటు అక్కడా విడుదలైంది కాబట్టి ఆ మెట్టు తనంతట తానే దాటింది. పాట ఆ సినిమా కోసమే రాసినదై ఉండాలి, మాట, వరుస స్పష్టంగా వినపడాలి, కథ నడుస్తుండగా గానీ చివరి పేర్లు మొదలైన వెంటనే గానీ రావాలి. ఆ ఏడు అర్హత పొందిన పాటలు 81. మొదట సంగీత విభాగం సభ్యులు, అంటే బాణీ కట్టేవాళ్లూ పాట రాసేవాళ్లూ ఓటేసి 15కు తగ్గించారు. డిసెంబరు 21న ఆ జాబితా వచ్చింది. మళ్లీ వాళ్లే ఓటేసి 5కు దించారు, జనవరి 24న. ఒక సినిమా నుంచి ఎన్ని పాటలు బాగున్నా చివరి అయిదులో రెండుకు మించకూడదు. ఆఖరి ఓటు మాత్రం అకాడమీ సభ్యులందరిదీ: నటులు, కెమెరావాళ్లు, మేకప్‌వాళ్లు, అందరూ.

ముందు పని తెలిసినవాళ్లు, తర్వాత అందరూ. వరుస తిప్పితే ఫలితం మారిపోతుంది. అందరినీ ముందు అడిగితే ముందే పేరున్న పాటే మిగులుతుంది. లేడీ గాగా, రిహానా పాటలు ఆ ఏడు పోటీలో ఉన్నాయి. పని తెలిసినవాళ్లను మొదట అడిగారు కాబట్టి, తాము ఎన్నడూ వినని భాషలోని 6/8 నడకను వాళ్లు చెవితో పట్టుకున్నారు. ప్రభావం, పనితనం, సృజన, కథలో ఇమిడిన తీరు చూసి తూకం వేయమని నియమాలు చెబుతాయి. అలా చూస్తే ‘నాటు నాటు’కు సరైన కొలబద్ద దొరికినట్టే. ఆ పాటలో కథ ఆగదు. దొరల విందులో పరాయివాళ్లుగా నిలబడ్డ ఇద్దరు, పాట అయ్యేసరికి ఆ మైదానాన్ని సొంతం చేసుకుంటారు. ప్రేమ్ రక్షిత్ కట్టిన అడుగుల్లో ఇద్దరి కాళ్లూ ఒకే వేగంతో తిరగాలి, ఒకరి భుజం మీద మరొకరి చెయ్యి కదలకూడదు. తొంభై పాళ్ల పాట అరపూటలో వచ్చిందనీ, మిగిలిన పది పాళ్లకు ఏడాది ఏడు నెలలు పట్టిందనీ చంద్రబోసే చెప్పారు. మార్చి 12 రాత్రి లాస్ ఏంజిలిస్‌లో రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ వేదిక మీద పాడారు. బొమ్మ అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. పాడినవాళ్లకూ ఆడించినవాళ్లకూ ఈ బహుమతిలో చోటు లేదు, ఇది రచనకు, బాణీకి మాత్రమే. నాకు ఇది కాస్త కటువుగానే తోస్తుంది, ప్రేమ్ రక్షిత్ లేని ‘నాటు నాటు’ను ఊహించడం కష్టం. నియమం రాసేటప్పుడు గీత ఎక్కడో ఒకచోట గీయాలి గదా.

దూరదర్శన్ రేపు ఇలాంటి యంత్రం కడితే ఎలా కట్టాలి? రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో భాషలు 22. ఓట్లన్నీ ఒక కుప్ప చేస్తే హిందీ పాటకు ఎదురుండదు. రాష్ట్రాల వారీగా గుంపులు చేస్తే కామాటిపురా, వర్లి తెలుగువాళ్ల ఓటు మహారాష్ట్ర కుప్పలో కలిసిపోతుంది. భాషను బట్టి గుంపులు చేద్దామా అంటే, వర్లి చాళ్లలో మూడో తరం కుర్రాడు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ మాట్లాడతాడు. అతని పేరు ఏ గుంపులో రాస్తారు? అందుకే స్వీడన్ వాళ్ల వయసు గుంపులు నాకు నచ్చుతాయి. పుట్టిన తేదీకి తగువుండదు.

ప్రేక్షకుల సగం అలా వయసు లెక్కన పెట్టి, జ్యూరీల సగం మాత్రం భాష లెక్కన పెట్టవచ్చు. భాషకొక జ్యూరీ. యూరోవిజన్ నియమం అరువు తెచ్చుకుని, సొంత భాష పాటకు మార్కులు వేయకూడదని రాసేయాలి. తెలుగు పాటను అస్సామీలు, మలయాళీలు, కశ్మీరీలు తూచాలి. మాటలు అర్థం కాకుండానే 6/8 నడక పట్టుకోగలరని మార్చి 13 పొద్దునే తేలిపోయింది. ఒక్క చిక్కు మిగులుతుంది. ముంబై నుంచి జ్యూరీలో ఒక తెలుగాయన్ని కూర్చోబెడితే ఆయన సొంత భాష ఏది? తెలుగు అంటే మరాఠీ పాటకు పన్నెండూ ఇచ్చేస్తాడేమోనని అనుమానం, మరాఠీ అంటే తెలుగు పాట మీద మమకారం. రెండూ ఆయనవే అని రాసుకుంటే తూకం వేయడానికి ఆయన ముందు ఇరవై భాషలుంటాయి. ఆ పని ఆయన బాగానే చేస్తాడని నా నమ్మకం.